తెలియని చోట ఆగు

మా అక్క ఏ మాటనూ ఉన్నదున్నట్టు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేయలేదు. అబద్ధాలాడుతుందని కాదు. ఆమె చేతికి చిక్కిన మాటకు ముందు మూలలు అరుగుతాయి, ఆ తర్వాత అంచులు నునుపవుతాయి, అవతలివాళ్ళ చెవిన పడేసరికి అది దూదిలా అయిపోతుంది. అందుకే అందరూ ఆమెను మంచి మనిషి అంటారు. చాలాకాలం నేనూ అన్నాను.

ఈ అలవాటు ఆమెకు మా ఇంట్లోనే అంటుకుంది. మా అమ్మా నాన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. ఎందుకు మానేశారో నాకు ఊహ తెలిసేనాటికి వాళ్ళకే సరిగా గుర్తులేదు. నాన్న ముందుగదిలో కూర్చుని గడియారాలు బాగుచేసేవాడు. అమ్మ వెనక వంటింట్లో ఉండేది. రెంటికీ మధ్య ఒక చీకటి నడవ ఉండేది. ఆ నడవలో మా అక్క పొద్దస్తమానం అటూ ఇటూ తిరిగేది.

"ఆ మనిషికి చెవులున్నాయో లేవో కనుక్కో. కొళాయి కారబట్టి వారమైంది" అనేది అమ్మ.

అక్క ముందుగదిలోకి వెళ్ళి, "నాన్నా, కొళాయి కొంచెం కారుతోందట. నీకు వీలున్నప్పుడు చూడమంది" అనేది.

"నా చేతులు ఖాళీగా లేవు. ఆవిడ నోరెలాగూ ఊరుకోదుగా, దాన్నే అడ్డం పెట్టుకోమను" అనేవాడు నాన్న.

అక్క వెనక్కి వచ్చి, "సాయంత్రం చూస్తానన్నాడమ్మా" అనేది. ఇక సాయంత్రం దాకా నాన్న చుట్టూ తిరిగి, గడ్డం పట్టుకుని, ఆయన చేత కొళాయి బాగుచేయించేది. తాను చెప్పిన మాటను నిజం చేసుకోవడానికి ఆ పిల్ల పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. నాన్న ఆమెను 'రాయబారి' అని పిలిచేవాడు. ఆ పేరే స్థిరపడిపోయింది.

ఒకసారి రాయబారికి జ్వరం వచ్చి, నడవ ఉద్యోగం నాకు దక్కింది. "నీతో కాపురం చేసేకంటే గోడతో చేయడం నయమంది అమ్మ" అని నాన్నకు గడగడా అప్పజెప్పాను. ఆయన చేతిలో గడియారం పక్కన పెట్టి, చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. అన్నానికి కూడా రాలేదు. అమ్మ నా వీపు మీద రెండు వేసి, "చెప్పమంటే చెప్పేస్తావటే" అంది. ఆ రోజు నుంచి మళ్ళీ నన్ను ఎవరూ ఏమీ చెప్పమనలేదు. నేను పెద్దయ్యాక బస్టాండులో విచారణ కౌంటరులో కూర్చున్నాను. రాని బస్సు రాదని మనుషుల మొహం మీద చెప్పడమే నా పని. వాళ్ళు తిడతారు. నేను తిట్లు వింటాను. కానీ రాని బస్సు కోసం ఎవర్నీ నిలబెట్టలేదు.

అక్కకు పెద్ద ఉద్యోగమే వచ్చింది. పిల్లల తెలివినీ పెద్దల స్వభావాన్నీ కొలిచే పరీక్షలు తయారుచేసే సంస్థ ఒకటుంది. ఆ పరీక్షలు చాలావరకు బయటి దేశాల నుంచి వస్తాయి. వాటిని మన భాషలోకి తెచ్చి, బళ్ళకూ ఆసుపత్రులకూ పంపుతారు. ఒక దేశంలో పుట్టిన పరీక్షను ఇంకో దేశంలో ఎలా పడితే అలా వాడి పిల్లల మీద ముద్రలు వేయకూడదని, అన్ని దేశాలవాళ్ళూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం నియమాలు రాసింది. మంచి నియమాలే, నేను కాదనను. పరీక్షను ఒకరు మన భాషలోకి మార్చాలి. అసలు కాగితం చూడని ఇంకొకరు దాన్ని మళ్ళీ ఆ భాషలోకి తిప్పాలి. వెనక్కి వచ్చినదాన్నీ, అసలుదాన్నీ పక్కపక్కన పెట్టి మూడోవాళ్ళు సరిచూడాలి. రెండూ కలవకపోతే మధ్యలో ఎక్కడో పొరపాటు జరిగినట్టు. పద్ధతిలో ఏ లోపమూ లేదు. పాపం ఆ పద్ధతి కనిపెట్టినవాళ్ళకు మా అక్క సంగతి తెలియదు.

వెనక్కి తిప్పే ఉద్యోగం మా అక్కది.

మన భాషలోకి మార్చేది ఒక ముసలాయన, ఎప్పుడో రిటైరైన మాష్టారు. పొద్దున బాగానే రాసేవాడు. మధ్యాహ్నం తిన్న తర్వాత రాసినవాటికి మాత్రం ఎవరి పూచీ ఉండేది కాదు. ఒక ప్రశ్న తలకిందులయ్యేది, ఒక వాక్యం మాయమయ్యేది. అవి అక్క బల్ల మీదికి వచ్చేవి. ఆమె చదివి, "అయ్యో, మాష్టారు కునుకు తీసినట్టున్నారు. అసలు కాగితంలో ఇలా ఉండదు, ఇదిగో ఇలా ఉండి ఉంటుంది" అనుకుని, ఆ ఉండవలసినదాన్ని రాసేది. చూడని కాగితంలో ఏముందో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. చిన్నప్పటి నుంచి చేసింది అదే కదా, ఎదుటి మనిషి అన్నది వదిలేసి అనవలసింది చేరవేయడం. సరిచూసేవాళ్ళు రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే అతికినట్టు కలిసేవి. డైరెక్టరుగారు ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. మాష్టారికి ఏటా శాలువా కప్పారు. ఆయన రాసిన తప్పు మాత్రం అచ్చు యంత్రానికి చేరేది.

ఒకసారి ఆ సంఘం నుంచి ఒక పెద్దావిడ తనిఖీకి వచ్చింది. హాలు నిండా జనం. డైరెక్టరుగారికి ఆవిడ భాష చదవడానికి వచ్చుగానీ, గబగబా మాట్లాడితే సగం జారిపోయేది. అందుకని అక్కను పక్కన నిలబెట్టారు. ఆవిడ కాగితాలన్నీ తిరగేసి, "ఇంత శుభ్రమైన పని నేనెక్కడా చూడలేదు. అందుకే నాకు అనుమానంగా ఉంది. వెనక్కి తిప్పేవాళ్ళు ముందువాళ్ళ తప్పులు కప్పేస్తున్నారేమో గట్టిగా చూసుకోండి" అందట. మా అక్క మైకు అందుకుని, "ఇంత శుభ్రమైన పని ఎక్కడా చూడలేదంటున్నారు. ఇకముందు కూడా గట్టిగా చూసుకోమంటున్నారు" అందట. హాలంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఎందుకో తెలియక ఆ పెద్దావిడ కూడా కొట్టింది.

ఇదంతా అక్కే ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నాకు చెప్పింది. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. కింద వాటాలో నేనూ, మా ఆయనా, పాపా. పై వాటాలో అక్క ఒక్కతే. ఆమెకొక సంబంధం వచ్చింది. ఆ అబ్బాయికి ఇష్టంలేదన్న సంగతీ, ఈమెకు ఇష్టమేనన్న సంగతీ తనే అటూ ఇటూ సర్దిచెప్పేసరికి, ఆ మర్యాదల్లో పెళ్ళి ఎటో పోయింది.

"ఆవిడ అన్నది నీ గురించేనే" అన్నాను నేను నవ్వుతూ.

"నేనేం కప్పేశానే? బాగుచేశాను" అంది అక్క. "అంతమందిలో మా డైరెక్టరుగారి పరువు తీయమంటావా?"

అప్పుడు నాకు అది ముచ్చటగానే ఉంది. ఆ రోజు నవ్వినందుకు నా మీద నాకేం కోపంలేదు. ఇంకా దెబ్బ తగలనివాళ్ళు ఎవరైనా నవ్వుతారు.

ఇక నా కూతురు. దాన్ని అందరూ సరేలమ్మ అంటారు. ఏది చెప్పినా "సరే" అంటుంది. అనడమే కాదు, చేస్తుంది. ఒకసారి బస్టాండులో నా కౌంటరు పక్కన బల్ల మీద కూర్చోబెట్టి, "నేను వచ్చేదాకా కదలకు" అని లోపలికి వెళ్ళాను. వాన మొదలై, రేకు చిల్లులోంచి నీళ్ళు సరిగ్గా దాని నెత్తి మీద పడుతున్నాయి. పక్కన బల్లంతా ఖాళీగా ఉంది. ఒక్క జానెడు జరిగితే చాలు. నేను వచ్చేసరికి తడిసి ముద్దయి, ముక్కు మీది నీళ్ళు కూడా తుడుచుకోకుండా కూర్చుంది. "కదలొద్దన్నావుగా" అంది. తలతుడుస్తూ ఒకపక్క తిట్టాను. ఇంకోపక్క, నిజం చెప్పొద్దూ, గర్వంగానే అనిపించింది. మాట వినే పిల్లంటే ఏ తల్లికి చేదు?

తెలివి తక్కువ పిల్ల మాత్రం కాదు. బస్సుల మీది బోర్డులు చదివీ చదివీ దానికి చదువు వచ్చింది. ఏ బస్సు ఎటు పోతుందో నాకంటే ముందు చెప్పేది.

రెండో తరగతి అయిపోయే ముందు దాని బళ్ళో పిల్లలందరికీ ఒక పరీక్ష పెట్టారు. బొమ్మల పుస్తకం. ఒక్కో పేజీలో ఒక బొమ్మ, అందులో ఒక ముక్క లేకుండా ఉంటుంది. కింద ఇచ్చిన ముక్కల్లో ఏది అక్కడ అతుకుతుందో గుర్తు పెట్టాలి. కొన్ని తేలిక, కొన్ని కష్టం, అన్నీ కలగలిపి ఉంటాయి. ఎలా చేయాలో టీచరు ఒక కాగితం చూసి చదువుతుంది. ఆ కాగితంలో ఉన్నదానికి ఒక్క ముక్క కలపకూడదు, తీయకూడదు. అదీ నియమమే.

కొన్నాళ్ళకు పెద్ద టీచరు నన్ను పిలిపించింది. "మీ పాపకు బాగా తక్కువ వచ్చాయమ్మా. మూడో తరగతిలో మిగతా పిల్లలతో నెగ్గలేదు. వేరే గదిలో కూర్చోబెడతాం. దాని మంచికే" అంది. "బోర్డులన్నీ చదువుతుందండీ" అన్నాను. "చదవడం వేరు, తెలివి వేరు" అంది ఆవిడ. ఇది సంస్థవారి పరీక్ష అనీ, అన్ని దేశాల్లోనూ పెడతారనీ, నాణ్యత ముద్ర ఉందనీ పుస్తకం అట్ట చూపించింది. అట్ట మీద నిజంగానే గుండ్రటి ముద్ర ఉంది.

ఆ వేరే గది వరండా చివర, చేతులు కడుక్కునే కొళాయిల పక్కన ఉంది. లోపల చిన్న చిన్న కుర్చీలు. నా కూతురి మోకాళ్ళు బల్లకు తగిలేవి. అక్కడ పూసలు గుచ్చిస్తారు, రంగు కాగితాలు కత్తిరించి గొలుసులు చేయిస్తారు. పుస్తకాల్లో అక్షరాలుండవు, బొమ్మలే. మొదటి రోజు అది ఇంటికి వచ్చి, "అమ్మా, అక్కడ చదవడానికి ఏం లేదు" అంది. రెండోరోజు నుంచి అదీ అనలేదు.

ఆ వారమే, దానికి అన్నం పెడుతూ అడిగాను. మెట్ల దగ్గర అక్క కూడా కూర్చుని ఉంది. "ఆ బొమ్మల్లో ఏది రాలేదే నీకు?"

"నాలుగోది" అంది.

"మిగతావి?"

"అవి చూడలేదు. నాలుగోది రాలేదు కదా, ఆగిపోయాను."

"ఎందుకాగావు? పేజీ తిప్పొచ్చుగా."

"టీచరు చదివింది. తెలియనిది వస్తే అక్కడ ఆగండి అని. నేను ఆగాను. పక్కవాళ్ళంతా తిప్పేస్తున్నారు" అంది. వాళ్ళమీద చాడీ చెప్పినట్టు కూడా ఉంది దాని గొంతు. వాళ్ళు తప్పు చేశారు, తాను చేయలేదు.

నేను అక్క వైపు చూశాను. అక్క మొహంలో రక్తం లేదు. నేను అడగకముందే చెప్పింది. ఆ కాగితం తన బల్ల మీదికి వచ్చిందట. 'తెలియనిది వస్తే అక్కడ ఆగండి' అని చదవగానే, ఇంతమంది పిల్లలకు ఒకేసారి పెట్టే పరీక్షలో ఈ మాట ఎందుకుంటుంది, మాష్టారు ఇంతకుముందు చేసిన ఇంకో పరీక్షలోని వాక్యాన్ని అలవాటుకొద్దీ ఇక్కడ దించేసినట్టున్నారు అనుకుందట. అసలుది 'తెలియనిదాన్ని వదిలి తర్వాతదానికి వెళ్ళండి' అయి ఉంటుందని ఊహించి, అదే రాసిందట. ఊహ నూటికి నూరుపాళ్ళు సరైందే. సరిచూసినవాళ్ళకు రెండు కాగితాలూ కలిశాయి. ఆగమన్న మాట అచ్చయి బళ్ళకు పోయింది.

"మాష్టారిని పిలిచి ఒక మాట అడగలేకపోయావా?" అన్నాను.

"పెద్దాయన కదే. చిన్నబుచ్చుకుంటారని" అంది అక్క.

నా ఒళ్ళు మండింది. అయినా ఆ రోజు అరవలేదు. చేయవలసిన పని కళ్ళ ముందు కనిపిస్తోంది. "రేపు పొద్దున్నే వెళ్ళి డైరెక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పు. వాక్యం తప్పు, నేను దిద్దాను, మాట విన్న పిల్లలంతా మొద్దులని తేలారు, ఆ మార్కులన్నీ కొట్టేయండి అని చెప్పు. నీ పద్ధతిలో కాదు, నా పద్ధతిలో చెప్పు" అన్నాను. సరేనంది. ఆ ఇంట్లో సరే అన్నమాటకు విలువ ఇచ్చేది నా కూతురు ఒక్కతేనని నాకు అప్పటికి తట్టలేదు.

మర్నాడు సాయంత్రం వచ్చి, "చెప్పానే. చూస్తామన్నారు" అంది. నేను నమ్మాను. వారాలు గడిచాయి. అడిగినప్పుడల్లా "చూస్తున్నారటే", "కమిటీలో పెట్టారటే". కొన్ని నెలలకు బడికి కొత్త కాగితాలు వచ్చాయి. అందులో వాక్యం మారింది. తెలియనిదాన్ని వదిలి ముందుకు వెళ్ళండి అని శుభ్రంగా ఉంది. నేను కొత్త కాగితం పట్టుకుని పెద్ద టీచరు దగ్గరికి పరిగెత్తాను. "వాక్యం మార్చారు, మార్కులు మార్చమని మాకు ఏం రాలేదు" అందావిడ. పాప అక్కడ చక్కగా కుదురుకుందని కూడా అంది. ఏ పని చెప్పినా చేస్తుందట.

నాలో ఓపిక చచ్చిపోయింది. బస్టాండుకు సెలవు పెట్టి, అక్కను వెంటబెట్టుకుని సంస్థకు వెళ్ళాను. డైరెక్టరుగారి గది చల్లగా ఉంది. గోడ మీద ఆయన ఏదో దేశంలో వేదికెక్కి మాట్లాడుతున్న ఫొటో ఉంది. మర్యాదగా కూర్చోమన్నారు. విషయం చెప్పగానే నవ్వారు.

"ఆ వాక్యమా? మీ అక్కగారు చెప్పారు. ఇంకొంచెం తేటగా ఉంటే పిల్లలకు సుళువుగా ఉంటుందన్నారు. తర్వాతి అచ్చులో మార్చేశాం కదమ్మా."

నేను అక్క వైపు తిరిగాను. ఆమె బల్ల మీది గాజు గ్లాసునే చూస్తోంది. ఇంకొంచెం తేటగా. నా బిడ్డ మోకాళ్ళు పసిపిల్లల బల్లకు కొట్టుకుంటుంటే, ఈమె ఇక్కడికి వచ్చి ఇంకొంచెం తేటగా అని నీళ్ళు నమిలి వెళ్ళింది.

అప్పుడు నేనే మొత్తం చెప్పాను. మాష్టారి మధ్యాహ్నం నిద్ర దగ్గర్నుంచి తనిఖీ పెద్దావిడ అన్న మాట దాకా ఏదీ వదల్లేదు. మధ్యలో అక్క, "మా చెల్లెలి ఉద్దేశం ఏంటంటేనండీ" అని రెండుసార్లు అందుకోబోయింది. "నా ఉద్దేశం నేనే చెప్పుకుంటాను" అన్నాను. డైరెక్టరుగారి నవ్వు పోయింది. ఆయన చెడ్డమనిషి కాదు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"మాట వినే పిల్లలకే తక్కువ వచ్చాయన్నమాట" అన్నారు మెల్లగా. తర్వాత గోడ మీది ఫొటో వైపు చూశారు. ఆయన అక్కడ చదివిన పరిశోధన ఏంటో తర్వాత అక్క చెప్పింది. క్రమశిక్షణ ఎక్కువున్న బళ్ళలో పిల్లల తెలివి తక్కువగా ఉంటోందని అంకెలతో సహా తేల్చారట. ఇతర దేశాలవాళ్ళు కూడా ఆశ్చర్యపోయి, ఎందుకలా ఉందో కారణాలు వెతుకుతున్నారట.

"మార్కులు కొట్టేయండి" అన్నాను.

"మీ అక్కగారు మొదటిరోజే ఇది ఇలా చెప్పి ఉంటే పని జరిగేదమ్మా. అప్పటికి పట్టికలు మా దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు అన్ని దేశాల అంకెలతో కలిపి అచ్చయిపోయాయి. వెనక్కి తీసుకోవాలంటే తర్జుమా తప్పని సంఘానికి చూపించాలి. అక్కడ కూర్చునేవాళ్ళకు మన భాష రాదు. వాళ్ళు చూసేది వెనక్కి తిప్పిన కాగితం ఒక్కటే. అందులో వాక్యం నిక్షేపంగా ఉంది, మీ అక్కగారి దస్తూరీతో."

"అది తప్పని రాసినామె ఇక్కడే ఉందిగా, రాసిస్తుంది."

"చెల్లెలి కూతురి కోసం రాసిచ్చిందంటారమ్మా" అన్నారాయన. అదీ నిజమే. వినడానికి నాకే అలా అనిపించింది. "ఒకటి చేయగలను. సంవత్సరం నిండాక పాపకు మళ్ళీ పరీక్ష పెట్టిస్తాను. అంతకుముందు కుదరదు. అవే బొమ్మలు కదా, గుర్తుండిపోతే కొలత తప్పుతుంది. పిల్లలకు అన్యాయం జరగకూడదనే ఆ నియమం."

మన భాషలో వేరే పరీక్ష లేదు. కాబట్టి ఆగాం. ఇంటికి వచ్చాక అక్కను ఒకే ఒక్క మాట అడిగాను. "నీ మెతకదనం వల్ల ఎవరైనా బాగుపడ్డారా, ఎప్పుడైనా?" అమ్మా నాన్నా చివరిదాకా ఒకే ఇంట్లో ఉన్నారుగా అంది. ఉన్నారు. ఒకరిమీద ఒకరికి ఎంత కసి ఉందో తెలియకుండానే ఇద్దరూ పోయారు. అది బాగుపడటమో కాదో నాకు తెలియదు.

ఆ సంవత్సరంలో నా కూతురు మారింది. ఇంట్లో పుస్తకం ఇస్తే చదివేది. కష్టమైన మాట తగలగానే ఆగి, పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. "ఏమైందే?" అంటే, "తెలియలేదు" అనేది. "వదిలేసి ముందుకు పోవచ్చు" అంటే "సరే" అనేది. మళ్ళీ తెలియని మాట దగ్గర మళ్ళీ ఆగేది. ఆ గదిలో ఏది రాకపోయినా ఆపి, చేతులు కట్టుకుని కూర్చోమంటారట. బస్సు బోర్డులు చదవడం కూడా మానేసింది. ఊరి పేరు పొడుగ్గా ఉంటే చూపు తిప్పుకునేది. దాని తల మీద నుంచి నేనే బోర్డు చదివి వినిపించేదాన్ని.

పరీక్ష రోజు వచ్చింది. డైరెక్టరుగారు మాట నిలబెట్టుకున్నారు, సంస్థ నుంచి మనిషిని పంపించారు. తలుపు అద్దంలోంచి చూస్తున్నాను. ఆ అమ్మాయి కొత్త కాగితం చదివింది. నా కూతురు వింది, తలూపింది. మొదటి పేజీ, రెండు, మూడు. నాలుగో పేజీ దగ్గర పెన్సిలు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుంది. నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళబోతే ఆయా పట్టుకుంది. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదట. ఆ సంస్థ మనిషి కూడా దాన్నే చూస్తూ కూర్చుంది. తిప్పమ్మా అనడానికి ఆమెకు హక్కు లేదు. టైము అయిపోయేదాకా నా బిడ్డ అలాగే కూర్చుంది.

బయటికి వచ్చాక వంగి, మెల్లగా అడిగాను. తిట్టలేదు. "ముందుకు వెళ్ళమని చదివిందిగా తల్లీ."

"పోయినసారి ఆగమన్నారు. ఇప్పుడు వెళ్ళమన్నారు. ఏది చేయాలో నాకు తెలియలేదు" అంది. "తెలియకపోతే ఆగాలి కదా."

మార్కులు ఏడాది కిందట వచ్చినవే వచ్చాయి. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. పెద్ద టీచరు నా చేయి పట్టుకుని ఓదార్చింది. సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. రెండుసార్లు పెట్టినా అదే ఫలితం రావడం పరీక్ష నమ్మదగినదనడానికి మంచి గుర్తు అని అందులో ఉంది. ఇక దాని మీద ఎవరూ మాట్లాడేది లేదు. నా కూతురు పై తరగతులకు కూడా వరండా చివరి గదిలోనే ఉంటుంది.

అప్పటి నుంచి అక్కతో నాకు మాటల్లేవు. కానీ ఒకే ఇల్లు, ఒకే నీళ్ళ మోటారు, ఒకే వీధి తలుపు. మాట్లాడకపోతే గడవదు. మొదట్లో మా ఆయనతో చెప్పి పంపేదాన్ని. ఆయన మెట్ల మధ్యలో సగం మరిచిపోయేవాడు. తర్వాత పాపతో పంపడం మొదలుపెట్టాను. మోటారు కట్టేయమను, తలుపు గడియ వేయమను, అంతవరకే.

నిన్న సాయంత్రం నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పాప పైనుంచి దిగివచ్చి, "నీకు కోపం తగ్గిందా అని పెద్దమ్మ అడగమంది" అంది.

"నా బిడ్డ బతుకు నీ వల్లే పాడైందని అమ్మ అందని చెప్పు. ఏమంటుందో వినేదాకా అక్కడే ఆగు" అన్నాను.

"సరే" అంది. మెట్లెక్కింది.

వంటింటి కిటికీ మెట్ల వైపే ఉంటుంది. అంతా వినపడింది. "పెద్దమ్మా, నా బిడ్డ బతుకు నీ వల్లే పాడైందని అమ్మ అంది" అని స్పష్టంగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఒక్క అక్షరం తీయలేదు, ఒక్క అక్షరం కలపలేదు. ఆ బిడ్డ ఎవరో అడగలేదు.

తర్వాత అక్క గొంతు, ఎప్పుడూ విననంత సన్నగా, "అచ్చంగా అలాగే అందా?" అంది.

"అలాగే అంది. నువ్వేమంటావో వినేదాకా ఆగమంది."

నేను కూర దించాను. గిన్నెలు కడిగాను. మా ఆయన పనినుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాడు. పాప ఏదని అడిగాడు. అప్పుడు చేయి తుడుచుకుని మెట్లెక్కాను. అక్క గది తలుపు తెరిచే ఉంది. లోపల దీపం వేయలేదు. అక్క కుర్చీలో కూర్చుని ఉంది, పెదవులు కదులుతున్నాయి, మాట రావడంలేదు. గడపకు ఇవతల నా కూతురు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నా అడుగుల చప్పుడు విని తల తిప్పింది.

"అమ్మా, పెద్దమ్మ ఇంకా ఏం అనలేదు" అంది.